దేవుడికి చెప్పిన చాడీ

నా స్నేహితురాలిని భూస్థాపన చేసిన రోజు ఆమె గురించి ఒక అబద్ధం చెప్పారు. చెప్పినాయన మేం చదివిన డిగ్రీ కాలేజీకి ఒకప్పటి ప్రిన్సిపాల్. కళ్ళు మూసుకుని, రెండు చేతులూ పైకెత్తి, ప్రార్థనలో చెప్పాడు. అందుకని ఎవరూ అడ్డు చెప్పలేదు. ప్రార్థన మధ్యలో ఎవరూ నోరు తెరవరు.

ఉప్పల్ రోడ్డంతా మెట్రో స్తంభాల కోసం తవ్వి పెట్టిన రోజులవి. శవపేటిక ఉన్న వ్యాను రింగ్ రోడ్డు దగ్గర చాలాసేపు ఇరుక్కుపోయింది. శ్మశానం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఆమెకు ముప్ఫై దాటి ఎంతో కాలం కాలేదు. కామెర్లు ముదిరి చనిపోయింది. రిటైరైన ప్రిన్సిపాల్ ఎవరో చెబితే వచ్చాడట. పెద్దాయన కదా అని పాస్టరు చివరి ప్రార్థన ఆయనకు అప్పగించాడు. "యౌవనమందు దారి తప్పిన ఈ నీ కుమార్తెను, ప్రభువా, నీవే వెదకి మందలోనికి తిరిగి చేర్చుకొంటివి" అన్నాడాయన. అందరూ ఆమెన్ అన్నారు. మట్టి వేశారు.

బయటికి వస్తుంటే ఆమె భర్త నన్ను పక్కకు పిలిచాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "అక్కా, సార్ ఏందో అన్నడు గద, దారి తప్పిందని. ఏందది?" అన్నాడు.

ఆమె అతనికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పుకోవాల్సినంత విషయమని అనుకుని ఉండదు. "ఏమీ తప్పలేదు. తర్వాత చెప్తాను" అన్నాను. ఆ చెప్పడమే ఇది.

మా కాలేజీ నాచారంలో, ఫ్యాక్టరీల గోడలు అయిపోయి ఇళ్ళు మొదలయ్యే చోట ఉండేది. క్రైస్తవ మేనేజ్‌మెంటు. రెండువేల సంవత్సరం దాటి కొద్దికాలమే అయింది. ఆ కాలేజీ వల్ల నాకు మేలే జరిగింది. ఫీజు తక్కువ. లైబ్రరీ మంచిది. నేను చదవడం నేర్చుకున్నది ఆ లైబ్రరీలోనే. నేను ఆ మతంలో పుట్టినదాన్ని కాదు కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి: నా కోపం ఆ మతం మీద కాదు. నా స్నేహితురాలు చివరిదాకా ఆ విశ్వాసంలోనే ఉంది. నా కోపం ఒక మనిషి మీద, ఆయన పద్ధతి మీద, దాన్ని పద్ధతిగా ఒప్పుకున్న వాళ్ళందరి మీద.

మాది కృష్ణా జిల్లా నుంచి వచ్చి హబ్సిగూడలో అద్దెకున్న కుటుంబం. మా నాన్న నన్ను ఆ కాలేజీలో వేసింది ఒక్క మాట కోసం. 'అక్కడ డిసిప్లిన్ బాగుంటుంది.' ఏ మతం తండ్రి నోట విన్నా అదే మాట. ఆ డిసిప్లిన్ ఇలా ఉండేది. చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులుండాలి. జడ వదులుగా ఉండకూడదు. అబ్బాయిలకు ఒక మెట్ల దారి, అమ్మాయిలకు ఒక మెట్ల దారి. మంచినీళ్ళ కుళాయి దగ్గర ఇద్దరు కలిసి నిలబడకూడదు. కాలేజీ గేటు ముందు మగవాళ్ళు బండి ఆపి ఏ అమ్మాయినీ ఎక్కించుకోకూడదు, తండ్రి అయినా సరే. ఇవన్నీ మాకు అలవాటే. ఇళ్ళలో ఇంతకన్నా ఎక్కువే ఉండేవి.

అలవాటు కానిది పొద్దున్నే జరిగే అసెంబ్లీ. తప్పు చేసిన వాళ్ళను ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి తిట్టేవాడు కాదు. ఆయనకు గొంతు పెంచడం రాదు. అసెంబ్లీలో మైకు ముందు కళ్ళు మూసుకుని వాళ్ళ కోసం ప్రార్థించేవాడు. పేరు చెప్పడు. ఏ సంవత్సరం, ఏ గ్రూపు, ఏ వైపు కూర్చుంటారు, ఏం చేశారు, అన్నీ దేవుడికి చెప్పేవాడు. మేమంతా తలలు వంచి వినేవాళ్ళం. తిడితే ఎదురు చెప్పొచ్చు. 'నేను కాదు సార్' అనొచ్చు. ఆయన మనతో మాట్లాడటం లేదు కదా, దేవుడితో మాట్లాడుతున్నాడు. మధ్యలో దూరి కాదని ఎలా అంటాం? చివర్లో మన ఆమెన్ కూడా అందులో కలిసిపోతుంది. ఇంత పిరికి పద్ధతిని నేను ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ చూడలేదు.

నా స్నేహితురాలిది, నాది ఒకే బెంచీ. బీఏ చివరి సంవత్సరం. వాళ్ళ నాన్న నల్లగొండ వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. బస్తీలోని చిన్న చర్చికి సంఘ పెద్ద. ఆమె ఆదివారాలు అక్కడ పిల్లలకు పాటలు, వాక్యం నేర్పేది. డిగ్రీ అయ్యాక బీఎడ్ చేసి టీచరవ్వాలని ఆమె కోరిక. వేరే కోరిక ఏదైనా ఉన్నట్టు నాకు తెలియదు. వాళ్ళింట్లో ఇంటర్ దాటిన ఆడపిల్ల లేదు. కాలేజీకి పంపేటప్పుడు తండ్రి ఒక్కటే షరతు పెట్టాడు. "సదువుకో బిడ్డా, నేను వద్దన. కానీ నీ గురించి బయటోని నోట ఒక్క మాట ఇన్ననా, గా రోజే బందు." ఆ మాట ఆమె నాకు నవ్వుతూ చెప్పేది. నవ్వుతూనే, గేటు దాటాక మెడ తిప్పకుండా నడిచేది.

పరీక్షలు దగ్గర పడుతుండగా వాళ్ళక్క కాన్పు కోసం నాచారంలో కార్మికుల దవాఖానాలో చేరింది. వాళ్ళ బావ లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పెళ్ళి కోసం బాప్తిస్మం తీసుకుని, ఆదివారాలు మాత్రం ఓవర్‌టైం వేయించుకునే మనిషి. షిఫ్టు అవగానే అత్తగారింట్లో అన్నం టిఫిన్ డబ్బా పట్టుకుని బండి మీద వచ్చేవాడు. సాయంత్రం అక్క దగ్గర ఉండటానికి మరదలిని ఎక్కించుకుని దవాఖానాకు వెళ్ళేవాడు. గేటు ముందు బండి ఆపొద్దు కదా. అందుకని కొంచెం అవతల కిరాణా దుకాణం మూలన ఆగేవాడు. మా రూలు పాటించడానికే మూలన ఆగాడు. ఆ మూలన ఆగడమే సాక్ష్యమైంది. క్రమశిక్షణ చూసే మేడం ఒకరోజు బస్సు కిటికీలోంచి చూసింది. అడగలేదు. ప్రిన్సిపాల్‌కు చెప్పింది. ఆయన కూడా అడగలేదు. దేవుడికి చెప్పాడు.

"ప్రభువా, ఈ ఉదయకాలమందు మా మధ్యనున్న ఒక బిడ్డను నీ సన్నిధిలో జ్ఞాపకము చేసికొనుచున్నాము. బీఏ చివరి సంవత్సరములో, కిటికీ ప్రక్కన కూర్చునే బిడ్డ. ఆదివారము చిన్నపిల్లలకు నీ వాక్యము నేర్పే బిడ్డ. ఆ చేతులతోనే, తండ్రీ, వీధి మూలన బండి ఎక్కి పరపురుషుని భుజము పట్టుకొనుచున్నది. ఆ బిడ్డ మనసు మార్చుము."

కిటికీ పక్కన బెంచీ మాదే. ఆదివారం పిల్లలకు చెప్పేది నేను కాదు. నేను కళ్ళు తెరిచి పక్కకు చూశాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. అందరితోపాటు ఆమె కూడా ఆమెన్ అంది. అది నాకు విన్పించింది.

తర్వాత అడిగాను. "నువ్వెందుకన్నావే ఆమెన్?"

"ప్రార్థనకు ఆమెన్ అనకుంటె ఎట్ల? నేను దేవునికి అన్న. ఆయనకు గాదు."

మెట్ల దగ్గరే మొదలైంది. "అరేయ్, గొర్రె తప్పిపోయిందంట రా, ఎవరన్న సూసిండ్రా?" "సూసిన మామా, బండి మీద పోతుండె!" వెనకనుంచి ఒకడు మేకలా అరిచాడు. "అక్కా, బండి ఏ కంపెనీది? మైలేజీ ఎంతిస్తది?" ఆమె తిరిగి చూడలేదు. నేను చూశాను. చూస్తే ఇంకా నవ్వారు.

మా కాలేజీ ఆఫీసు గుమస్తాది వాళ్ళ చర్చే. సాయంత్రానికల్లా తండ్రికి తెలిసిపోయింది. మరునాడు ఆమె కాలేజీకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఒక గది, వంటకు పక్కన రేకులు దించిన చోటు. తండ్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. బావ గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమె రేకుల కింద బియ్యం ఏరుతోంది.

"అంకుల్, ఆ రోజు బండి మీద ఉంది మీ అల్లుడేనండీ" అన్నాను.

"నాకు తెల్వదా బిడ్డా? తీస్కపొమ్మని చెప్పిందే నేను" అన్నాడాయన.

నాకు అర్థం కాలేదు. "మరి తెలిసి కూడా ఎందుకు ఆపేశారండీ?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని నా ముందు కూర్చున్నాడు. చెడ్డవాడేమీ కాదు. బాగా ఆలోచించి పెట్టుకున్న మాట చెప్పేవాడిలా నెమ్మదిగా చెప్పాడు. "సార్ గంతమందిల కండ్లు మూసుకొని ప్రార్థన జేసిండు. ప్రార్థనల అబద్ధం ఆడుతరా? పరపురుషుడు అన్నడు. మా అల్లుడు పరపురుషుడు గాదు గద. అంటే ఇంకోడెవడో ఉన్నడు. దేవుడు సార్‌కు సూపిచ్చిండు, నాకు సూపియ్యలె."

ఇన్నేళ్ళయినా ఆ వాక్యం గుర్తుకొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కళ్ళముందున్న నిజం ఆయనకు తెలుసు. తనే పంపాడు. అయినా ప్రార్థన తప్పు కాకుండా ఉండటం కోసం, లేని ఒక మగవాణ్ణి పుట్టించి కూతురి పక్కన నిలబెట్టాడు.

బావ గడపలోంచి లేచాడు. "దేవునికి చాడీలు చెప్పుడేంది మామా? నన్నడిగితే నేనే అని చెప్పకపోదునా? గాయనకు నోరు లేదా, నాకు చెవుల్లేవా?"

"నువ్వు చర్చికే రావు, నీకేం తెలుసు ప్రార్థన గురించి" అన్నాడు మామ.

"రాను. వస్తే నా మీద గూడ చేస్తరు."

ఆమె రేకుల కింద నుంచి, తల ఎత్తకుండా, "బావా, ఊకో" అంది.

కాన్పయి ఇంటికొచ్చాక అక్కే పట్టుబట్టింది. పసిపిల్లను ఎత్తుకుని, భర్తను వెంటబెట్టుకుని, చెల్లెలిని లాక్కుని కాలేజీకి వచ్చింది. నేనూ వెంట వెళ్ళాను. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడాడు. బాలింతకు కుర్చీ వేయించాడు. పాప తలమీద చెయ్యి పెట్టి ఆశీర్వదించాడు. మంచితనానికి లోటు లేదు ఆ గదిలో.

"నేనెవరి పేరూ చెప్పలేదమ్మా" అన్నాడు.

"పేరు చెప్పలేదు గానీ సార్, ఇంటి నంబరొక్కటే తక్కువ చెప్పిన్రు" అన్నాడు బావ.

ప్రిన్సిపాల్ చిరునవ్వు నవ్వాడు. "మీరు బావగారైతే సంతోషమే. కానీ బాబూ, చూసేవాళ్ళకు ఆ సంగతి తెలియదు కదా. మంచిగా ఉంటే చాలదు. మంచిగా కనిపించాలి."

"ఒక చేతిల అన్నం టిఫిన్ ఉంది సార్. ఇంకో చెయ్యి ఏడ పెడితే మంచిగ కనిపిస్తుండె?" అంది అక్క. ఆమె ఆగలేదు. "రేపు గదే మైకుల, అది అబద్ధమని ఒక్క మాట చెప్పున్రి సార్. మా నాయిన దీన్ని బడికి పంపుతలేడు."

"ప్రార్థనను వెనక్కి తీసుకోవడమంటూ ఉండదమ్మా. అది దేవుడికి చెప్పిన మాట." ఆయనే ఒక దారి చెప్పాడు. వాళ్ళ నాన్నను తీసుకుని అసెంబ్లీకి రావాలి. ప్రిన్సిపాల్ కృతజ్ఞతా ప్రార్థన చేస్తాడు, బిడ్డ తిరిగి వచ్చినందుకు. చివర్లో ఆమె కూడా మైకు దగ్గర ఒక్క మాట ప్రార్థించాలి. "క్షమించు ప్రభువా, అంటే చాలు తల్లీ. నాన్నగారితో నేను మాట్లాడతాను. హాల్‌టికెట్ సంగతి కూడా నేనే చూసుకుంటాను."

హాల్‌టికెట్‌కు ఇబ్బంది ఉందని మాకు తెలిసింది అప్పుడే. తర్వాత "ప్రార్థన చేసుకుందాం" అని ఆయన కళ్ళు మూసుకున్నాడు. బావ తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తండ్రి మాత్రం పొంగిపోయాడు. సార్ ఎంత దయగల మనిషో అని బస్తీలో చెప్పుకున్నాడు. ఇంట్లో జరిగిన మాటలు ఆమె నాకు తర్వాత చెప్పింది.

"నేను యాడికీ పోలె నాయినా. యాడికెల్లి వాపస్ రావాలె?"

"రెండు మాటలు అంటె అయిపాయె. నీ పరీక్షలు నువ్వు రాసుకో. అనకపోతివా, ఇంట్ల కూసో."

అంటే ఆమె ముందు ఉన్నది ఇదీ. చెయ్యని తప్పును దేవుడి ముందు ఒప్పుకుంటే చదువు, లేకపోతే లేదు. ఆమెకు దేవుడంటే నిజంగా భయభక్తులు. ఆ పరిస్థితిలో నేనైతే ఆ రెండు మాటలూ అనేసి హాల్‌టికెట్ తీసుకునేదాన్ని. నాకది మైకులో చెప్పే రెండు మాటలు. ఆమెకు అలా కాదు. ఆ భక్తిని పట్టుకునే ప్రిన్సిపాల్ బేరం పెట్టాడు.

ఆ రోజు అసెంబ్లీలో తండ్రికి స్టేజీ మీద కుర్చీ వేశారు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్ తప్పిపోయిన వాళ్ళ గురించి, దొరికిన సంతోషం గురించి చాలాసేపు ప్రార్థించాడు. తర్వాత పక్కకు జరిగాడు. ఆమె మైకు దగ్గరికి వచ్చి కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, నీకు స్తోత్రం" అని చర్చి భాషలోనే మొదలుపెట్టింది. తర్వాత ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"సార్ నన్ను క్షమాపణ అడుగుమన్నడు. దేనికి అడగాల్నో నాకు తెల్వదు, అందుకే నీకు జరిగింది చెప్తున్న. ఆ రోజు బండి మీద ఉన్నది మా అక్క మొగడు. దవాఖానాల మా అక్కకు అన్నం తీస్కపోతున్నం. ఒక చేతిల టిఫిన్ ఉండె. ఇంకో చెయ్యి ఆయన భుజం మీద పెట్టిన. పెట్టకుంటె పడుదు. గేటు కాడ బండి ఆపొద్దంటే దుకాణం మూలకు ఆపిండు. గిదంత నువ్వు సూసినవు. సార్ సూడలె. సూసిన మేడం నన్ను అడగలె. సార్ అడగలె. మా నాయిన గూడ అడగలె. నాకు ఇంకెవ్వరు లేరు, పరపురుషుడు అనేటోడు లేడు. నేను ఈ మాట అబద్ధమాడితె నువ్వే సూసుకో. ఆమెన్."

నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ప్రిన్సిపాల్ కూడా తెరిచాడు. ఒక చెయ్యి కొంచెం పైకి లేచి, మైకు వైపు పోబోయి, ఆగిపోయింది. ఆయనకు కూడా ప్రార్థన మధ్యలో దూరే వీలు లేదు.

ఆమెన్ ఎవరూ అనలేదు. అనాలో వద్దో తెలియదు ఎవరికీ. అప్పుడు వెనక వరసల్లోంచి అబ్బాయిలు, ఎప్పుడూ పెదవి కదపని వాళ్ళు, సినిమా హాల్లో అరిచినట్టు "ఆమే...న్!" అని అరిచారు. ఎవడో ఈల వేశాడు. ఆమె కళ్ళు తెరిచి వాళ్ళ వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తుంది. వాళ్ళు తన పక్షమే అని ఆమెకు తెలుసు. అయినా ఒళ్ళు మండింది. ఆమె ప్రార్థించింది. వాళ్ళకు అది ఫైటింగ్ సీను.

ప్రిన్సిపాల్ "దేవునికి స్తోత్రం" అని, బస్‌పాసుల గురించి ప్రకటన చదివాడు. ఈల వేసినవాణ్ణీ, వాడి పక్కవాణ్ణీ సస్పెండ్ చేశారు. ఆ తర్వాత విద్యార్థులెవరికీ అసెంబ్లీలో మైకు ఇవ్వలేదు. ఆమె హాల్‌టికెట్ మాత్రం ఆపలేదు. తప్పు చెప్పాననే మాట ఆయన నోట మేం చదివినన్నాళ్ళూ రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆమె శవం ముందు ఆయనకు గుర్తున్నది ఆయన చేసిన ప్రార్థన మాత్రమే. ఆమె చేసింది గుర్తులేదు. గుర్తుండి కూడా అలా అన్నాడేమో. రెండింటిలో ఏది ఎక్కువ నీచమో నాకు తేలలేదు.

అసెంబ్లీ అయ్యాక తండ్రి ఎవరితోనూ మాట్లాడకుండా స్టేజీ దిగి వెళ్ళిపోయాడు. ఆమె వెనకాల పరుగెత్తింది. తన చదువు ఉందో పోయిందో ఆమెకు తెలియాలి. నేనూ వెళ్ళాను. ప్రహరీ గోడ దగ్గర ఆయన ఆగాడు. కూతురి ముఖం చూడలేదు.

"కండ్లు మూసుకునే చెప్పినవా?" అన్నాడు.

"మూసుకునే చెప్పిన."

"సార్ గూడ మూసుకునే చెప్పిండు."

ఆయన గోడ వైపు తిరిగాడు. రెండు ప్రార్థనలు. రెండూ నిజం కావడానికి వీల్లేదు. అలాంటి చిక్కు ఆ మనిషికి అంతకు ముందెప్పుడూ వచ్చి ఉండదు. చివరికి అన్నాడు. "నువ్వు దేవుని ముందట అబద్ధమాడవు. నిజమే అయ్యుంటది."

అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి, అప్పుడు గొంతు పెంచింది. "మరి ఇంట్ల అబద్ధమాడుతనా నాయినా? అన్నం తినేటప్పుడు పక్కన కూసుంటి గద. బిడ్డా ఏం జరిగింది అని ఒక్క మాట అడిగితె చెప్పకపోదునా? మైకు ముందట నిలవడి దేవునికి చెప్తెగాని నీకు ఇనవడదా?"

"డ్యూటీకి లేటయితుంది" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "క్లాసుకు పో. పరీక్షలు రాయి."

ఆయన వెళ్ళిపోయాడు. ఆమె గోడ పట్టుకుని నిలబడింది. ఏడుస్తోందనుకున్నాను. ఏడవడం లేదు.

"పోనీలేవే, ఒప్పుకున్నారుగా" అన్నాను.

"ఏం ఒప్పుకున్నడు? దేవునికి చెప్పింది ఒప్పుకున్నడు. నేను అడిగిన దానికి ఏం చెప్పిండు?"

లోపల ఎకనామిక్స్ క్లాసు మొదలైపోయింది. చున్నీ పిన్ను ఒకటి ఊడితే అక్కడే నిలబడి పెట్టుకుని, ఆమె నాకన్నా ముందు నడిచింది.